ఎరుపు వెలిసిన కన్ను

(తాటిపాకలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ డాక్టరుగారి పూర్తి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. తాటిపాక సెంటర్లో మాత్రం ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. డాక్టరుగారంటే ఆయనే. నేనూ అలాగే పిలుస్తాను. ఆయన కంటి వైద్యులు కారు, నరాల వైద్యులూ కారు. జ్వరాలు, కాన్పులు, పాముకాట్లు చూసిన ఎంబీబీఎస్ డాక్టరు. ఆయన పేర జరిగే సభలో ఏ విషయం మాట్లాడతారని నిర్వాహకులు అడిగితే, పల్లెలో మొదట చూసిన మనిషి పట్టుకోగలిగిన జబ్బు, అక్కడ జారిపోతే ఏళ్ళ తరబడి ఎవరికీ దొరకని జబ్బు ఒకటుంది, దాని గురించి చెబుతానన్నాను. దాని పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. వాడుకలో ఎమ్మెస్ అంటాం. అది మెదడుకూ వెన్నుపాముకూ వచ్చే జబ్బు. కానీ రమారమి ప్రతి అయిదుగురిలో ఒకరికి అది మొదట కంటిలోనే బయటపడుతుంది. జబ్బు నడిచే కాలంలో ఎప్పుడో ఒకప్పుడు సగం మందికి కంటి నరం వాస్తుంది.

ఇది మన ఇళ్ళల్లో ఎలా మొదలవుతుందో చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. నా దగ్గరికి వచ్చిన చాలామంది చెప్పినవాటిలో ఉమ్మడిగా ఉన్న భాగం.

పాతికేళ్ళ అమ్మాయి. రెండు రోజులుగా కుడికన్ను వెనక నొప్పి. ఊరికే ఉంటే ఓర్చుకోగలదు, కన్ను పక్కకి తిప్పితే సలుపు. మూడో రోజు పొద్దున్న ఆ కంటికి మంచు పట్టినట్టుంది. ఎదుటిమనిషి ముఖం మధ్యలో మసక, చెవులూ జుట్టూ మాత్రం తెలుస్తున్నాయి. గుమ్మంలో మందారపువ్వు రోజూ ఉన్న ఎరుపులో లేదు, వెలిసిపోయినట్టుంది. అద్దంలో చూసుకుంటే కన్ను తెల్లగా, శుభ్రంగా ఉంది. ఎర్రబడలేదు, నీరు కారలేదు, పుసి లేదు. మందుల షాపులో చుక్కల మందు ఇచ్చారు. తగ్గలేదు. కళ్ళజోళ్ళ షాపుకి వెళితే అక్షరాలు చదవలేకపోయింది, మిషను ఏదో నంబరు చూపించింది, జోడు వచ్చింది. దానితోనూ కనపడలేదు. ఇంట్లో పెద్దావిడ వేడి చేసిందంది. కొబ్బరి బోండాలు తాగించారు, తలకి నూనె పెట్టారు. నాలుగో వారానికి చూపు దానంతటదే తేటపడింది. ఎవరి వైద్యం ఆఖరున జరిగితే వాళ్ళకి పేరొచ్చింది.

రెండేళ్ళు గడిచాక ఆ అమ్మాయికి నడుము కిందనుంచి తిమ్మిరి, నడిస్తే కాళ్ళు బరువు. అప్పుడు నా దగ్గరికి తీసుకొస్తారు. ఇంతకుముందు ఎప్పుడైనా కన్ను మసకబారిందా అని అడుగుతాను. "ఔనండి, అది తగ్గిపోయింది కదండీ" అంటారు. ఈ జబ్బులో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఆ మాటే. చూపు తిరిగొచ్చింది, నిజమే. జబ్బు పోలేదు. ఆ రెండేళ్ళు అది మెదడులో నిశ్శబ్దంగా పనిచేసుకుపోయింది. ఆ రెండేళ్ళూ మందు వేయగలిగిన కాలం.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి. కంటిగుడ్డు వెనకనుంచి బయలుదేరే నరం పొడవు దాదాపు రెండంగుళాలు. అందులో పది పన్నెండు లక్షల సన్నని పోగులుంటాయి. ఇది చేతులకూ కాళ్ళకూ వెళ్ళే నరాల్లాంటిది కాదు. తల్లి కడుపులో పిండం పెరిగేటప్పుడు మెదడులోంచే ముందుకు పొడుచుకొచ్చిన భాగం. అందుకే మెదడుకు వచ్చే జబ్బు దీనికీ వస్తుంది. ప్రతి పోగునీ మైలిన్ అనే కొవ్వుపొర చుట్టుకుని ఉంటుంది. పొరకూ పొరకూ మధ్య చిన్న ఖాళీలు. సంకేతం ఒక ఖాళీ నుంచి మరో ఖాళీకి దూకుతూ పోతుంది కాబట్టే దానికి అంత వేగం. ఎమ్మెస్‌లో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలు ఈ పొర మీదే పడతాయి. పొర ఊడిన చోట సంకేతం నెమ్మదిస్తుంది, కొన్ని పోగుల్లో ఆగిపోతుంది. వాపు తగ్గాక పొర కొంత తిరిగి అల్లుకుంటుంది. పోగే తెగిపోతే మాత్రం తిరిగి మొలవదు.

ఎందుకు వస్తుందన్నదానికి ఈ మధ్యే కొంత వెలుగు దొరికింది. అమెరికా సైన్యంలో కోటిమందికి పైగా మనుషుల రికార్డులు పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సోకినవాళ్ళకి ఈ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగిందని తేలింది. ఆ వైరస్ లోకంలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. జబ్బు వచ్చేది ఏ కొద్దిమందికో. పుట్టుకతో వచ్చిన లక్షణాలు, పొగతాగడం, విటమిన్ డి తక్కువ కావడం తోడవుతాయి. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపమూ కాదు. ఆడవాళ్ళకి మగవాళ్ళకంటే రెట్టింపు వస్తుంది, అదీ ఇరవై నుంచి నలభై లోపు, అంటే చదువు, పెళ్ళి, పిల్లలు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడే వయసులో.

ఈ జబ్బుతో బతికిన మనిషి స్వయంగా రాసుకున్న తొలి రికార్డుల్లో ఒకటి ఇంగ్లండులో ఉంది. రాజు మూడో జార్జి మనవడు అగస్టస్ డెస్టే 1822 డిసెంబరులో తండ్రిలా ప్రేమించిన బంధువుని చూడటానికి స్కాట్లండు కొండప్రాంతానికి వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆయన చనిపోయి ఉన్నాడు. అంత్యక్రియలు అయిన కొద్దికాలానికే కళ్ళు మసకబారి, వచ్చిన ఉత్తరాలు వేరేవాళ్ళ చేత చదివించుకుని జవాబులు రాయించాల్సి వచ్చింది. వైద్యమేమీ లేకుండానే కళ్ళు బాగయ్యాయి. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా చూపు, కాళ్ళు, మూత్రం ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతినడం అతను డైరీలో రాసుకుంటూ పోయాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు పోయాయని అనుకోవడానికి అక్కడ అన్ని కారణాలూ ఉన్నాయి. మన ఇళ్ళల్లో చావు జరిగాక ఒక ఆడమనిషి కళ్ళు కనపడటం లేదంటే మనమూ అదే అంటాం. అతను 1848లో చనిపోయాడు. జబ్బుకి స్పష్టమైన రూపం, పేరు ఇచ్చిన షార్కో ప్యారిస్‌లో దీని మీద ఉపన్యాసాలు చేసింది 1868లో. ఆ డైరీ ఎమ్మెస్ కథగా పుస్తకరూపంలో అచ్చయింది మరో ఎనభై ఏళ్ళకి, 1948లో.

ఇక వేడి సంగతి. కోనసీమలో ఈ మాట వివరంగా చెప్పకుండా ముందుకు పోకూడదు.

1890లో విల్‌హెల్మ్ ఉట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు ఎమ్మెస్ రోగుల్లో కొందరికి శ్రమ చేసినప్పుడు చూపు తగ్గి, సేదతీరాక తిరిగి రావడం గమనించాడు. కారణం శ్రమ కాదు, దానివల్ల ఒంట్లో పెరిగే వేడి అని తర్వాతివాళ్ళు తేల్చారు. అర డిగ్రీ పెరిగినా చాలు. ఎమ్మారై స్కాను రాకముందు రోగిని వేణ్ణీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి చూపు తగ్గుతుందేమో చూసేవాళ్ళు. ఎందుకిలా అవుతుందంటే, మన కాలవల్ని తలుచుకోండి. పూడిక తియ్యని పంటకాలవలో లాకుల దగ్గర నీరు నిండుగా ఉన్నంతసేపూ శివారు చేలకి ఎలాగో అందుతుంది. పైన ఒక్క అంగుళం తగ్గిందంటే ముందు ఎండేది శివారే. పైన పెరిగితే మళ్ళీ తడుస్తుంది. పొర దెబ్బతిన్న పోగులో సంకేతం అలా అంచుమీద నడుస్తూ ఉంటుంది. వేడి కొంచెం పెరిగితే ఆగిపోతుంది, చల్లబడితే మళ్ళీ సాగుతుంది. అది కొత్త దెబ్బ కాదు, పాతదెబ్బ బయటపడటం.

మన రోహిణీకార్తె ఉక్కలో ఇది ఎన్ని రకాలుగా కనిపిస్తుందో ఆలోచించండి. పొయ్యి దగ్గర గంటసేపు నిలబడితే ఒక కన్ను మసక. భోగినాడు మరిగే నీళ్ళతో తలంటు పోసుకుంటే ముగ్గు రంగులు తెలియవు, అరగంటకి తెలుస్తాయి. జ్వరం వస్తే చూపు తగ్గుతుంది, జ్వరంతోపాటే పోతుంది. "వేడి చేసింది" అని మనవాళ్ళు అన్నది పూర్తిగా తప్పు కాదు. చల్లటి బోండం తాగి, తడిగుడ్డ వేసుకుని, ఫ్యాను కింద కూర్చుంటే నిజంగానే తగ్గుతుంది. చిక్కు అక్కడే ఉంది. మందు పనిచేసింది కాబట్టి జబ్బు తెలిసిపోయిందనుకుంటాం. నా అనుభవంలో ఈ జబ్బుని దాచిపెట్టినవాటిలో మూఢనమ్మకాల కంటే ఈ బోండం నీళ్ళ వాటా పెద్దది, ఎందుకంటే అవి నిజంగా ఉపశమనం ఇస్తాయి. బోండాలు మానమని నేను చెప్పను. వేడికి ఒకే కన్ను మసకబారడం, మళ్ళీ మళ్ళీ అదే కన్ను మసకబారడం మామూలు వేడి కాదని చెబుతున్నాను. ఎమ్మెస్ ఉందని తెలిసినవాళ్ళకి కూడా ఇది ధైర్యం చెప్పే మాట. వేడికి తగ్గిన చూపు చల్లబడ్డాక వస్తుంది. దానికి ఇంజెక్షన్లు అక్కర్లేదు. చల్లబడి ఒక రోజు గడిచినా రాకపోతే అది వేరే సంగతి, అప్పుడు డాక్టరు దగ్గరికి రావాలి.

డాక్టరుగారి బల్ల మీద ఎప్పుడూ ఒక టార్చిలైటు ఉండేది. ఏ రోగం మీద వచ్చినా కళ్ళల్లో వేసి చూసేవారని ఇక్కడున్న చాలామందికి జ్ఞాపకం. ఎమ్మెస్ తొలి దశలో ఆ టార్చికి ఉన్న విలువ నేను నేర్చుకున్న పెద్ద యంత్రాల్లో చాలావాటికి లేదు. కంటి నరం వాపులో దాదాపు మూడింట రెండొంతుల మందికి వాపు కంటిగుడ్డు వెనక ఉంటుంది. లోపలికి కటకం పెట్టి చూసినా నరం మొదలు మామూలుగానే కనిపిస్తుంది. రోగికీ ఏమీ కనపడదు, డాక్టరుకీ ఏమీ కనపడదు అని మెడికల్ కాలేజీల్లో పాత సామెత. అలాంటప్పుడే కొత్తకోడలు పని తప్పించుకోవడానికి నాటకాలాడుతోందన్న నింద పుడుతుంది. అద్దాల నంబరు సరిపోతోంది, కన్ను బావుంది, ఇంకేముంది అంటారు.

చీకటిగా ఉన్న గదిలో టార్చి ముందు బాగున్న కంట్లో వేయండి. రెండు కంటిపాపలూ చిన్నవవుతాయి. చటక్కున రెండో కంటికి మార్చండి. నరం దెబ్బతిని ఉంటే, వెలుగు సూటిగా పడుతున్నా ఆ పాప చిన్నది కావడం మాని పెద్దదవుతుంది. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. నలుగురైదుగురి కళ్ళ మీద సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది. మార్కస్ గన్ అనే వైద్యుడి పేరుతో దీన్ని పిలుస్తారు. కంటిపాపని కావాలని పెద్దదీ చిన్నదీ చేసుకోవడం మనిషి చేతిలో లేదు. ఆ అమ్మాయి అబద్ధమాడటం లేదని టార్చి సాక్ష్యం చెబుతుంది. రెండు కళ్ళూ సమానంగా దెబ్బతింటే మాత్రం ఈ తేడా తెలియదు.

రెండోది ఎరుపు. మందు సీసా ఎర్ర మూత ఒకటి చాలు. ఒక కన్ను మూసి చూపించి, తర్వాత రెండో కన్ను మూసి చూపించి, "ఈ కంటికి రూపాయి ఎరుపు అయితే ఆ కంటికి ఎంత?" అని అడగాలి. నలభై పైసలనో పావలా అనో అంటే నరం సంగతి చూడాలి. అక్షరాలు చివరి వరస దాకా చదివినవాళ్ళు కూడా ఇక్కడ దొరికిపోతారు, ఎందుకంటే కంటి నరం దెబ్బకి రంగు ముందు పోతుంది, ఆఖరున వస్తుంది. మూడోది ఒక ప్రశ్న. కన్ను కదిపితే నొప్పా? అమెరికాలో 15 కేంద్రాల్లో 457 మంది మీద చేసిన పెద్ద పరిశోధనలో 92 శాతం మందికి నొప్పి ఉంది. టార్చి, సీసా మూత, ఒక ప్రశ్న. వీటికి ఖర్చు లేదు.

ఆ పరిశోధన గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితం మన మందుల షాపుల దాకా చేరలేదు. 1988లో మొదలుపెట్టి 1992లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకి ఒక గ్రాము లెక్కన మూడు రోజులు సెలైన్లో ఎక్కించి, తర్వాత మాత్రలు ఇచ్చారు. కొందరికి మొదటినుంచీ మామూలు మోతాదు స్టెరాయిడ్ మాత్రలే. కొందరికి మందు లేని ఉత్త మాత్రలు. ఎక్కించినవాళ్ళకి చూపు త్వరగా వచ్చింది. ఆఖరి చూపులో పెద్ద తేడా లేదు, ఏడాది తిరిగేసరికి అందరిలోనూ పదింట తొమ్మిదిమందికి పైగా చూపు చార్టులో 6/12 గీత గానీ అంతకంటే కింది గీత గానీ చదివారు. ఎవరూ ఊహించనిది, మామూలు మోతాదు మాత్రలు మాత్రమే మింగినవాళ్ళకి జరిగింది. వాళ్ళల్లో 27 శాతం మందికి కంటి నరం వాపు మళ్ళీ వచ్చింది. ఉత్త మాత్రలు మింగినవాళ్ళల్లో 15, ఎక్కించుకున్నవాళ్ళల్లో 13. కన్ను మసక అనగానే నాలుగు స్టెరాయిడ్ మాత్రలు చీటీలో కట్టి ఇవ్వడం ఏమీ ఇవ్వకపోవడం కంటే చెడ్డది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో, అంతే పెద్ద మోతాదు నోటిద్వారా ఇచ్చినా సెలైన్‌తో సమానమని తేలింది. కాబట్టి తేడా సూదికీ మాత్రకీ కాదు, మోతాదుకి. ఆ మోతాదు షుగరు, బీపీ, క్షయ చూసుకుని ఆసుపత్రిలో నిర్ణయించాల్సింది.

అదే పరిశోధన రోగుల్ని పదిహేనేళ్ళు వెంటబడి చూసింది. మొదటిరోజు మెదడు ఎమ్మారైలో ఒక్క మచ్చా లేనివాళ్ళల్లో 25 శాతం మందికే తర్వాత ఎమ్మెస్ వచ్చింది. ఒక్క మచ్చ అయినా ఉన్నవాళ్ళల్లో 72 శాతానికి. కంటి నరం వాచిన ప్రతివాళ్ళకీ ఎమ్మెస్ రాదు. ఎవరికి వస్తుందో అంచనా కట్టడానికి ఆ తొలి వారాల్లో తీసిన ఎమ్మారై అంత పనికొస్తుంది. 2024లో సవరించిన మెక్‌డొనాల్డ్ ఎమ్మెస్ నిర్ధారణ ప్రమాణాల్లో కంటి నరాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అంతకుముందు మచ్చలు వెతికే చోట్లుగా మెదడులో మూడు చోట్లు, వెన్నుపాము మాత్రమే ఉండేవి. ఈ సవరణ చాలా ఏళ్ళు ఆలస్యంగా వచ్చిందని నా అభిప్రాయం.

అమెరికా లెక్కలన్నీ మనకి యథాతథంగా వర్తించవు. మన దగ్గర కంటి నరం వాపు అనగానే ఎమ్మెస్ కాని మరో జబ్బుని తప్పకుండా వెతకాలి. దాని పేరు న్యూరోమైలైటిస్ ఆప్టికా. ఫ్రాన్సులో లియాన్ నగరపు వైద్యుడు డెవిక్ 1894లో వర్ణించాడు. చూపు చాలా ఎక్కువగా పోతుంది, ఒక్కోసారి రెండు కళ్ళకీ వస్తుంది, వెన్నుపాముని బారెడు మేర పట్టుకుంటుంది. ఆపకుండా వచ్చే వాంతులూ ఎక్కిళ్ళూ కూడా దాని లక్షణాలే. 2004లో దీనికి రక్తపరీక్ష దొరికింది. ఎమ్మెస్‌కి వాడే మందుల్లో కొన్ని ఈ జబ్బుని ఇంకా పెంచుతాయి. అందుకే ఆ రక్తపరీక్ష చేయించకుండా మందు మొదలుపెట్టకూడదు. కంటి నరాన్ని ఇలాగే వాచేలా చేసే మాగ్ (MOG) అనే మరో యాంటీబాడీ జబ్బు పిల్లల్లో ఎక్కువ.

ఇంకా ఉన్నాయి. క్షయకి వాడే ఇథాంబ్యుటాల్ మాత్ర రెండు కళ్ళకీ నొప్పి లేకుండా రంగు తగ్గిస్తుంది, వెంటనే గుర్తిస్తే ఆపొచ్చు. బి12 లోపం, కల్తీసారాలో మిథైల్ ఆల్కహాలు కంటి నరాన్ని తింటాయి. తల్లివైపునుంచి వచ్చే లెబర్ జబ్బు కుర్రవాళ్ళకి ఒక కన్ను, కొన్ని వారాలకి రెండో కన్ను, నొప్పి లేకుండా తీసేస్తుంది. నొప్పి ఉందా, ఒక కన్నా రెండా, ఎన్ని రోజుల్లో పోయింది అన్న మూడు సంగతులు సరిగ్గా అడిగితే సగం దారి తెలుస్తుంది.

ఇంతసేపూ చూపు సన్నగిల్లడం గురించే చెప్పాను. ఎమ్మెస్ కంటి కదలికనీ దెబ్బతీస్తుంది. రెండు కళ్ళూ ఒకేసారి పక్కకి తిరగాలంటే మెదడు కాండంలో ఒక సన్నని దారి సరిగ్గా ఉండాలి. అక్కడ పొర ఊడితే, కుడివైపు చూడమంటే కుడికన్ను వెళ్ళి అక్కడ ఊగులాడుతుంది, ఎడమకన్ను మధ్యలోనే ఆగిపోతుంది. మనిషికి ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. చిన్న వయసులో ఇది రెండు వైపులా ఉంటే ముందు ఎమ్మెస్‌నే అనుమానించాలి. మరికొందరికి కళ్ళు ఆగకుండా వణుకుతాయి, ఎదురుగా ఉన్న గోడ, పుస్తకం అన్నీ కదులుతుంటాయి. ఇది చూపు తగ్గడం కంటే దుర్భరమని రోగులు చెబుతారు. దీనికి గాబాపెంటిన్, మెమాంటిన్ లాంటి మాత్రలు కొందరికి పనిచేస్తాయి. రెండుగా కనిపించడానికి ప్రిజం అద్దాలు, కొన్నాళ్ళు ఒక కంటికి మూత.

చూపు తిరిగొచ్చి 6/6 అక్షరాలు చదివినా మనిషి బాగయిపోయినట్టు కాదు. ఈ మాట ఇంట్లోవాళ్ళ కోసం చెబుతున్నాను. చార్టు మీద నల్లటి అక్షరాలు తెల్లటి అట్ట మీద ఉంటాయి. బతుకు అంత నలుపు తెలుపుగా ఉండదు. ధనుర్మాసపు మంచులో వచ్చే సైకిలు, సిమెంటు రేవులో మెట్టు అంచు, తెల్లకప్పులో పాలు ఎంత పోశామన్నది, ఇవి వాళ్ళకి కష్టం. మెట్ల అంచున పసుపు రంగు గీత, పాలకి ముదురు గ్లాసు, ఫోనులో పెద్ద అక్షరాలు, ఇవి చిన్న మార్పులే గానీ రోజు గడపడానికి పెద్ద సాయం. వైర్ల రంగు చూసి పనిచేసే ఎలక్ట్రీషియన్లు, ఇక్కడి రిఫైనరీ, గ్యాసు కేంద్రాల్లో రంగు గుర్తులు చూసి పనిచేసేవాళ్ళు అక్షరాల పరీక్షతో సరిపెట్టుకోకుండా రంగుల పరీక్ష కూడా చేయించుకోవాలి.

ఇంకో వింత ఉంది. ఒక కంటి నరంలో సంకేతం ఆలస్యమైతే, ఆ కన్ను చెప్పేది మెదడుకి క్షణంలో ఏ కొంతభాగమో వెనకగా అందుతుంది. రెంటినీ కలిపేటప్పుడు కదిలే వస్తువు దూరం తప్పుగా తోస్తుంది. సూటిగా ఊగే లోలకం గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. జర్మనీలో యేనా పట్టణంలో కటకాల సంస్థలో పనిచేసిన కార్ల్ పుల్‌ఫ్రిచ్ 1922లో దీన్ని వివరించాడు. ఆయనకే ఒక కన్ను కనపడదు, కాబట్టి తను వివరించిన వింతని తను చూడలేకపోయాడు. ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరిచెట్లు, మధ్య ఇరుకు రోడ్డు ఉన్న మన ఊళ్ళల్లో ఎదురొచ్చే బస్సు దూరం తప్పుగా తోచడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కొబ్బరి దింపు తీసే కార్మికుడికి ఇది వస్తే చెట్టు మీద చెయ్యి ఎక్కడ పడుతుందో తెలియదు. బాగున్న కంటివైపు అద్దానికి కొంచెం రంగు వేయిస్తే చాలామందికి సర్దుకుంటుంది.

నరం ఎంత ఆలస్యం చేస్తోందో కొలిచే పరీక్షని 1972లో లండన్ వైద్యులు ప్రచురించారు. గళ్ళ తెర చూపించి తల వెనక తీగలతో మెదడు స్పందన కొలుస్తారు. మామూలుగా సెకనులో పదోవంతుకి వచ్చే అల ఆలస్యంగా వస్తుంది, చూపు బాగైపోయిన ఏళ్ళ తర్వాత కూడా. ఓసీటీ అనే స్కాను కంటి లోపలి పోగుల పొర మందాన్ని కొలుస్తుంది. రెంటికీ సూది గుచ్చక్కర్లేదు.

ఇది తెల్లవాళ్ళ జబ్బు, మనకి రాదు అని మేం చదువుకునేటప్పుడు చెప్పారు. మంగళూరులో చేసి 2014లో ప్రచురించిన సర్వేలో లక్షకి 8 మందికి పైగా ఉన్నారని తేలింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన జిల్లా ప్రాంతంలో 17 లక్షలకి పైగా జనం. మంగళూరు లెక్కనే ఇక్కడ వేస్తే దాదాపు 140 మంది ఉండాలి. ఇది నేను వేసిన గుణకారం, సర్వే కాదు. కానీ ఇక్కడ చికిత్సలో ఉన్నవాళ్ళు అంతమంది ఉన్నారని నేను అనుకోను. మిగతావాళ్ళు ఎక్కడున్నారు? నరాల బలహీనత అని, పక్షవాతం అని, బాలింత నీరసం అని పేర్లు పెట్టుకుని ఇళ్ళల్లో ఉన్నారని నా నమ్మకం. ప్రసవం తర్వాత మొదటి నెలల్లో ఈ జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. గర్భం చివరి నెలల్లో మాత్రం తగ్గి ఉంటుంది. ఎమ్మెస్ ఉన్న అమ్మాయి పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు, మందుల విషయం ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి అంతే.

మన ప్రభుత్వాలు కంటి కోసం చేసినవి తక్కువేమీ కాదు. 2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు పథకం బడిపిల్లలనుంచి మొదలుపెట్టింది. ఆ పథకం కంటి శిబిరాల చూపు అద్దాల మీద, శుక్లాల మీద ఉండేది, ఉండాలి కూడా. నరం జబ్బు అక్షరాల చార్టుకి దొరకదు కాబట్టి ఏ కంటి శిబిరంలోనైనా ఎర్రమూత పరీక్ష కూడా పెట్టమని అడుగుతున్నాను.

కువైట్, దుబాయ్, మస్కట్ ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎందరో. కువైట్‌లో ఎమ్మెస్ మన దేశం కంటే చాలా ఎక్కువ, అక్కడి వైద్యులకి బాగా పరిచయం. అక్కడ కన్ను మసకబారి చూపించుకుంటే స్కాను కాగితాలు, సీడీలు పారేయకుండా తెచ్చుకోమని ఇంట్లోవాళ్ళు చెప్పండి.

ఇప్పుడు మందులున్నాయి. 1993లో మొదటి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది, 2010లో మొదటి మాత్ర. ఆ మాత్ర, ఫింగోలిమోడ్, కొందరికి కంటి లోపలి పొరలో నీరు చేరుస్తుంది, షుగరు ఉన్నవాళ్ళకి మరీనూ. అందుకని మొదలుపెట్టిన మూడు నాలుగు నెలలకి కన్ను పరీక్ష తప్పనిసరి. రిటుక్సిమాబ్‌ని మన దేశంలో చాలా చోట్ల వాడుతున్నారు. ఇవి జబ్బుని తీసెయ్యవు, తిరగబెట్టడాన్ని బాగా తగ్గిస్తాయి. ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం పాత ఏడు రకాల వైకల్యాల్ని 21 చేసింది, అందులో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుతోనే ఉంది. సర్టిఫికెట్ అడగడానికి సిగ్గుపడక్కర్లేదు, అది హక్కు. 1985లో ముంబైలో ఏర్పడిన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. అక్కడికి ఫోను చేస్తే ఇదే జబ్బుతో ఉద్యోగాలు చేస్తూ, పిల్లల్ని పెంచుతూ ఉన్నవాళ్ళు మాట్లాడతారు. కొత్తగా జబ్బు పేరు విన్న మనిషికి నా మాటకంటే వాళ్ళ మాట ఎక్కువ ధైర్యం.

ఆర్‌ఎంపీలని, షాపులవాళ్ళని, ఆశా అక్కచెల్లెళ్ళని, టీచర్లని చేతులెత్తి అడుగుతున్నాను. పదిహేను నుంచి యాభై ఏళ్ళలోపు మనిషి ఒక కన్ను రోజుల్లో మసకబారిందని, కదిపితే నొప్పి అని చెబితే స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వకండి, కొత్త జోడు కట్టకండి. ఆ వారం దాటకుండా అమలాపురమో కాకినాడో కంటి డాక్టరు దగ్గరికి పంపండి. చూపు వచ్చేసినా సరే పంపండి. పంపేటప్పుడు ఒక చీటీ మీద ఏ కన్ను, ఏ తేదీన మొదలైంది, ఎన్నాళ్ళుంది అని రాసి ఇవ్వండి. రెండేళ్ళ తర్వాత ఆ మనిషి తిమ్మిరి కాళ్ళతో నా ముందు కూర్చున్నప్పుడు, ఆ చీటీ నాకు ఎమ్మారై అంత పనికొస్తుంది.